నాలుగో చుట్టు

దగ్గు లేకుండా, గొంతెత్తి వేదం చెబుతున్నారు చలపతి ఘనపాఠి. న్యుమోనియాతో ఆసుపత్రిలో పడి, ఇంటికొచ్చి రెండు నెలలైంది. రేపటి నుంచి మురమళ్ళ గుడికి పారాయణకు వెళ్తానని పట్టుబడితే, తనూ వేదం చదువుకున్న కొడుకు కౌండిన్య పెట్టిన పరీక్ష ఇది.

"చూసేవా? ఊపిరి ఎక్కడా తెగలేదు. రేపు పంపించెయ్యరా," అంది జానకమ్మ.

"ఈ వాక్యం రావడం మూడోసారమ్మా."

ఆవిడ ముఖం మారిపోయింది. ఆయన చెబుతున్న వేదభాగం, ఆ అనువాకంలో, ఒకే వాక్యం రెండుచోట్ల వస్తుంది. రెండోచోట ఏమరితే మళ్ళీ మొదటిచోటికే వచ్చిపడతారు. అక్కడక్కడే తిరుగుతారు. ఆ తప్పు చేసిన శిష్యులకి ఆయన తొడపాశం పెట్టేవారు.

నాలుగో చుట్టు మొదలైంది.

"తర్వాతి మాట అందించరా!"

"రెండుసార్లు అందించేనమ్మా. పట్టుకోలేకపోతున్నారు."

జానకమ్మ వెళ్ళి భర్త చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, చాలండీ. కాసిని మంచినీళ్ళు తాగుదురుగాని."

ఆయన తల అడ్డంగా ఊపారు. గొంతు ఇంకా పెంచారు.

"చెప్పిందే చెబుతున్నారండీ. తెలుస్తోందా మీకు?"

ఆయన ఆగిపోయారు.

"మొదటి చుట్టులోనే తెలిసింది జానకీ."

"మరి ఆపరేమండీ?"

"ముందేముందో గుర్తు రావడంలేదు. ఆపితే ఈ కాస్తా పోతుందేమోనని..."

ఆయన పెదవులు కదిలాయి. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ కొడుకు వంక చూశారు.

"చూడు, పోయింది."