పెట్టెలో తడి ఇసుక

సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాని ఎల్లాజీ గొంతు మిగిలింది ఇంట్లోని కంప్యూటర్‌లో ఒక్క వీడియోలోనే. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే, ప్రతిసారీ సగంలో కంప్యూటర్ ఆగిపోతోంది.

నరసన్నపేట నుంచి వచ్చిన మెకానిక్ దేవేంద్ర పెట్టె విప్పి, దుమ్ము తుడిచి, ర్యామ్‌ని రబ్బరుతో రుద్ది బిగించాడు. మళ్లీ ఆగింది. మళ్లీ విప్పాడు. ఇందాక పొడిగా తుడిచిన చోట తడి ఇసుక ఉంది.

“గున్నమ్మప్పా, తడి వలలు దీని మీద ఆరేస్తన్నావేటి? ఉప్పుకి సచ్చిపోతాదిది.”

“వలేటిరా బాబూ? వల మావతోనే పోనాది,” అంది ఎల్లాజీ భార్య గున్నమ్మ. “ఆ గొంతు పోకుండా సూడు. పిల్ల కడుపులో ఉన్నప్పుడే పోనాడు. పిల్ల ఒక్కసారైనా ఇనాల.”

“అయితే డిస్క్ నా కొట్టుకి అట్టుకెల్తాను. అక్కడ ఈ సెమ్మ ఉండదు.”

కరెంటు తీగ పీకి, డిస్క్ ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఎక్కడో నీటిచుక్కలు పడుతున్నాయి. చూస్తే, సంచి అడుగు నుంచే.

గున్నమ్మ అతని వైపు చూడటం లేదు. అతని భుజం మీదుగా, వెనక చీకటిగా ఉన్న గుమ్మంలోకి చూస్తోంది.

“ఉండు మావా,” అంది మెల్లగా. “తీసుకెల్లడులే.”