పిడికెడు ఇసుక

"వాడే! ఇంజన్లో ఇసుక పోస్తుంటే నా కళ్ళతో చూశాను!"

చంపాపేట్ మెకానిక్ షెడ్డులో భానుమూర్తి అరుస్తున్నాడు. ఎదురుగా ఆయన తండ్రి కొన్న పాత ఫియట్ కారు, బానెట్ ఎత్తి ఉంది.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి భార్యతో వస్తుంటే, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, తెలంగాణ ర్యాలీ మధ్య అది పొగ కక్కుతూ ఆగిపోయింది. ర్యాలీలోంచి ఒకడు పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తాడు. భానుమూర్తి దిగి చూసేసరికి ఇంజన్ మీద ఇసుక పోస్తున్నాడు. పట్టుకుని పోలీసులకు అప్పగించాడు.

"వాని పేరు జానయ్య సార్. బస్సు డ్రైవరు, సమ్మెల ఉన్నడు," అన్నాడు కానిస్టేబుల్ రామస్వామి. "కేసైతే నౌకరి ఊడుతది. మెకానిక్ ఏమంటడో రాస్కొని రమ్మన్నడు ఎస్సై."

"మెకానిక్ కూడా మీవాడేగా!"

మెకానిక్ మహేష్ నవ్వాడు. "ప్రెజర్ కొలిచే ఈ గేజీ ఢిల్లీల కొన్న సార్. దానికి ఉద్యమం తెల్వది."

ఇసుకంతా తుడిచాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గేజీ బిగించి ఇంజన్ తిప్పాడు. సూది సగమే లేచింది.

లోపల చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ తిప్పాడు. సూది ఎగబాకింది.

"పిస్టన్ రింగులు అరిగినయ్. ఆయిల్ ఆ సందులు మూసింది, గందుకే ప్రెజర్ లేచింది."

"చూశారా! ఇసుకే!"

"ఒక్కపూటల అరుగుతయా సార్? ఇసుక లోపలికి పోనేలేదు. ఇది నెలలపొంటి మింగిన దుమ్ము."

ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాడు. లోపల దుమ్మును ఆపే ఫిల్టర్ లేదు.



మహేష్ కార్బొరేటర్ పక్కన కాలి ముడుచుకుపోయిన రబ్బరు పైపు చూపించాడు. "ఫిల్టర్ లేక మంట బయటికి తన్నింది. పెట్రోల్ పైపు అంటుకుంది. జానయ్య ఇసుక కొట్టకపోతే మీరిద్దరు..."

"మంట ఆర్పిన అని ఒకటే మొత్తుకున్నడు సార్," అన్నాడు రామస్వామి. "చెయ్యంత బొబ్బలు. మేమే నమ్మలే."

"వదిలేయమనండి! ఇప్పుడే!"

రామస్వామి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. విని, మెల్లగా పెట్టేశాడు.

"జర ఆలస్యమైంది సార్. డిపోవాళ్లు నౌకరిలకెళ్లి తీసేసిన కాయితం జానయ్య చేతిల పెట్టి పోయిండ్రట."

రామస్వామి జేబులోంచి నోట్‌బుక్ తీశాడు.

"రిపోర్టయితే రాయాలె గదా. ఫిల్టర్ ఎవలు తీసిండ్రు?"

"బందుల్లో పెట్రోలు దొరకడం లేదు... తీసేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరో అంటే..."

"పేరు సార్. చెడగొట్టినోని పేరు."

"భానుమూర్తి."