గడియ పెట్టావా?

పైవాళ్ళు పోరు పెడితే పాత కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. అంతే, దాని కడుపులో ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ మొరాయించింది. దాన్ని కట్టింది మా సీనియర్, అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన పోయి రెండు నెలలైంది. తెల్లారేసరికి అది నడవకపోతే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను.

సెట్టింగుల్లో మెమరీ తగ్గించి, నెట్‌వర్క్ తీసేశాను. ఆయన ఆఖరి రోజున సేవ్ చేసి ఉంచిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెడితే, ఖాళీ నోట్‌ప్యాడ్ తెరుచుకుంది.

నేను కీబోర్డు ముట్టుకోలేదు. అయినా అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"గడియ పెట్టావా అమ్మాయ్?"

రాత్రి డ్యూటీ వాళ్ళందరినీ ఆయన ఫోన్ చేసి మరీ అడిగే మాట అది. సెట్టింగులు మళ్ళీ చూశాను. నెట్‌వర్క్ లేదు, బయటినుంచి ఎవరూ రాయలేరు.

"పెట్టాను సార్" అని కొట్టాను.

చాలాసేపు కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"మంచి పని చేశావు. ఇక తియ్యకు. తట్టేది నేను కాదు."

అప్పటిదాకా తలుపు ఎవరూ తట్టలేదు.