తొమ్మిదిన్నర బస్సు

"మళ్లీ నువ్వేనా, పెద్దమ్మా!"

టోకెన్ల గుమస్తా కిటికీ తలుపు తీసీ తీయగానే ఎదురుగా అదే మొహం. సన్నగా, ఎండుపుల్లలాంటి మనిషి.

ఆ ప్రభుత్వాసుపత్రికి గుండె డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు, గురువారం. టోకెన్లు నలభై. ఏడింటికి కిటికీ తెరిస్తే ఎనిమిది కొట్టేలోపు అన్నీ ఖాళీ. ఆ తర్వాత దేవుడు దిగొచ్చి అడిగినా గుమస్తా ఇవ్వడు. ఆ సంగతి తనే పదిమందికీ చెప్పుకుని మురిసిపోతుంటాడు. టోకెన్ తీసుకున్నవాళ్ల ఫైళ్లు విప్పి చూడకుండానే నంబర్ల వరసలో కట్ట కట్టి డాక్టరు గదికి పంపుతాడు.

పెద్దమ్మ ఏ గురువారమూ తప్పదు. ఎప్పుడూ ఒకటో నంబరే.

ఆ రోజు తొమ్మిదిన్నర దాటాక గుమస్తా టీ తాగుదామని బయటికొచ్చాడు. గేటు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. అప్పుడే బస్సు దిగిన జనంలో ఆయాసపడుతున్న ఒకతని గుప్పిట్లో తన టోకెన్ పెడుతోంది.

గుమస్తాకి ఒళ్లు మండిపోయింది.

"ఓహో, ఇదా సంగతి! ఎన్నాళ్లనుంచి సాగుతోంది ఈ వ్యాపారం?"

"వ్యాపారమేంటి నాయనా! ఊరికే..."

"ఊరికే ఇవ్వడానికి తెల్లారకముందే వచ్చి లైన్లో నిలబడతావా? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

"వాళ్లది దూరం నాయనా..."

"చాల్చాలు! ఇంకోసారి నీకు టోకెన్ ఇస్తే నన్నడుగు."

జనమంతా చూస్తున్నారు. పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. దొంగని పట్టుకున్నానని గుమస్తా ఆ రోజంతా నర్సులకి చెప్పిందే చెప్పాడు.

తర్వాతి గురువారం మళ్లీ ఆవిడే ముందుంది.

"ఈ ఒక్కసారి ఇవ్వు నాయనా."

"ఇవాళ ఎవరికో?"

"నాకే. ఒంట్లో బాగాలేదు."

గుమస్తా పకపకా నవ్వాడు.

"నీకేం రోగం! అందరికంటే ముందొచ్చి గుంజలా నిలబడతావ్. వందేళ్లు బతుకుతావ్ పో!"

లైన్లో వాళ్లూ నవ్వారు. ఏం చెయ్యాలో తెలీక పెద్దమ్మా కాస్త నవ్వి పక్కకి తప్పుకుంది. ఒకటో నంబరు ఆవిడ వెనకాల ఉన్న పెద్దమనిషికి వెళ్లింది. ఆయనది పక్క వీధే.

తొమ్మిదిన్నరకి బస్సు జనం కిటికీ దగ్గరికొచ్చారు.

"సార్, మా అక్క కనిపించిందా?" అడిగింది ఒకామె.

"ఎవరమ్మా మీ అక్క?"

"అదే సార్, ఎప్పుడూ ఒకటో నంబరు తీసుకునే అక్క."

"టోకెన్లు అమ్ముకునే ఆవిడా?"

"అమ్మో, అంత మాటనకండి సార్! మా వైపు మొదటి బస్సే ఆరింటికి. ఎంత పరిగెత్తినా ఇక్కడికొచ్చేసరికి తొమ్మిదిన్నర. మాకెప్పుడు దొరికింది టోకెన్? అక్క బుధవారం సాయంత్రమే వచ్చి బస్టాండులో పడుకునేది. బస్సు దిగినవాళ్లలో ఎవరికి మరీ బాగోలేకపోతే వాళ్లకిచ్చేది. మా ఆయన ఆ టోకెన్ మీదే బతికాడు. చేతిలో ఏదన్నా పెట్టబోతే తిట్టి పంపించింది."

గుమస్తాకి తల కొట్టేసినట్టయింది.

పదేళ్లుగా ఈ బస్సువాళ్లని చూస్తున్నాడు. "త్వరగా రావాలని తెలీదా?" అని పదేళ్లుగా కసురుతున్నాడు. బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందని ఒక్కనాడూ అడగలేదు.

పరుగున గేటు దాకా వెళ్లాడు. పెద్దమ్మ లేదు.

ఆ వారం అతనికి అన్నం సహించలేదు. భార్య అడిగితే చెప్పడానికి సిగ్గేసింది. పైవాళ్లని ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆసుపత్రి పెద్ద డాక్టరు గది ముందు రెండు రోజులు పడిగాపులు పడ్డాడు. చివరికి అనుమతి సంపాదించాడు. ఇకనుంచి పది టోకెన్లు తొమ్మిదిన్నర బస్సువాళ్లకి విడిగా ఉంచాలి.

ఒకటో నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెద్దమ్మ చేతిలో పెట్టి, నలుగురి ముందే తప్పయిందని చెప్పాలి. నలుగురి ముందే కదా అన్ని మాటలన్నాడు.

గురువారం కిటికీ తెరిచాడు. పెద్దమ్మ రాలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. గుమస్తా కళ్లు గేటు మీదే ఉన్నాయి.

బస్సు వచ్చింది. మొన్నటి ఆమె దిగింది.

"మీ అక్క రాలేదేం?"

"అక్క పోయింది సార్. ఆదివారం."

గుమస్తా తల దించుకునే పది టోకెన్లూ పంచాడు. వాళ్లు దండాలు పెడుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మిగిలిన ఒక్కటీ తీసుకుని గుండె డాక్టరు గదిలోకి వెళ్లాడు.

"ఒకటో నంబరు ఏరయ్యా?" అడిగాడు డాక్టరు.

"ఆవిడ పోయారట సార్. వాళ్ల ఊరివైపు రోగుల కోసం టోకెన్లు తీసుకునేవారు. నేనే తెలీక..." టోకెన్ బల్ల మీద పెట్టాడు.

డాక్టరు పేరడిగాడు. నర్సు ఫైలు తెచ్చిచ్చింది. డాక్టరు ఒక్కో కాగితం తిప్పి చూశాడు.

"ప్రతి గురువారం నువ్వు పంపే కట్టలో ఈ ఫైలే పైనుండేది. ఒకటో నంబరని పిలిస్తే ఇంకెవరో వచ్చేవాళ్లు. ఈవిడ ఏదని నేనూ అడగలేదయ్యా."

ఫైలు గుమస్తా వైపు తిప్పాడు.

పద్నాలుగు నెలల కిందట ఆ డాక్టరే, గుండెకి ఆపరేషను తప్పదని, అందాకా వారం వారం వచ్చి చూపించుకోమని రాసిచ్చిన ఆ మనిషి, ఒక్క వారమూ మానకుండా వచ్చి, ప్రతిసారీ తన వంతే ఇంకొకరికి ఇచ్చేసి వెళ్లింది.