బిళ్ల సాక్ష్యం

“బిళ్ల అబద్ధం చెప్పదు కదండీ మేడమ్?” పైపుల అతుకులకు రేడియేషన్‌తో ఫోటోలు తీసే ఆపరేటర్ ఆ మాట అడగడం అది మూడోసారి.

ల్యాబు మేడమ్ విసుక్కోలేదు. విసుక్కోవడానికి మనసెలా వస్తుంది? మూడ్రోజుల కిందట ఫ్యాక్టరీ షెడ్డులో రేడియేషన్ గుళిక దాని పెట్టెలోకి తిరిగి వెళ్లక, ఇరవై నిమిషాలు బయటే ఇరుక్కుపోయింది. ఒంటిమీద ఎంత మోతాదు పడిందో చూపడానికి పనివాళ్లు పెట్టుకునే బ్యాడ్జీని వాళ్లు బిళ్ల అంటారు. ఇతని బిళ్ల గుండె ఆగిపోయే అంకె చూపించింది. దాని మీద తన పేరు చూసినప్పటి నుంచి మనిషి మనిషిలో లేడు.

“బిళ్ల తన మీద పడింది చెబుతుందయ్యా. నీ ఒంట్లో ఏం జరిగిందో నీ రక్తమే చెప్పాలి. పేగులు దెబ్బతింటే రక్తంలో సిట్రులిన్ అనే పదార్థం పడిపోతుంది. కొవ్వుల పాళ్లు తారుమారవుతాయి. అవే చూస్తున్నా.”

“కాస్త తొందరగా చూడండి. మా ఆవిడకి రెండ్రోజులుగా ఒకటే వాంతులు. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, మా అత్తగారు పరీక్షైనా చేయించకుండానే ఉయ్యాల కొంటానంటోంది.” నవ్వబోయి మిషను వైపు చూశాడు. “బిడ్డ మొహం చూసేదాకానైనా ఉంటానా మేడమ్?”

అద్దం తలుపు బయట బల్ల మీద అతని భార్య గోడకి తల ఆనించి కూర్చుంది. అతను చూడగానే బాగానే ఉన్నానని చెయ్యి ఊపింది.

మిషను నుంచి కాగితం వచ్చింది. మేడమ్ ఒకటికి రెండుసార్లు చదివింది.

“అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. రేడియేషన్ నీ దరిదాపులకి కూడా రాలేదు.”

“నిజంగానా?” అతను కుర్చీలో కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. “పోయిన ప్రాణం లేచొచ్చింది మేడమ్. అయితే ఆ బిళ్లే పాడైపోయుంటుంది. నేను మందపాటి గోడ వెనక ఉన్నానని చెబుతూనే ఉన్నా, ఎవరూ వినరే.”

మేడమ్ మాత్రం నవ్వలేదు. బిళ్లని ఫ్యాక్టరీ వాళ్లు రెండుసార్లు పరీక్షించారు. అందులో ఏ లోపమూ లేదు.

“ఆ పూట బిళ్ల నీ ఒంటి మీదే ఉందా?”

“నా కోటుకి ఉంది.”

“కోటు నువ్వే వేసుకున్నావా?”

అతను కళ్లు తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. మెల్లగా అద్దం తలుపు వైపు తిరిగాడు.

“అన్నం తెచ్చి, చలేస్తోందంటే... షెడ్డులో కూర్చున్న మా ఆవిడకి కప్పాను.”