పసుపు దంచని రోకళ్లు

బొగ్గుబాయి కాలనీలో ప్రతి వంటింట్లో ఒక డబ్బా ఉంటుంది. భూమి లోపల బండ కదిలితే ఆ చప్పుడు అందులో వినిపిస్తుంది. దాని కోసం బాయిలో బండకు బిగించిన యంత్రపు చెవులు మరీ పదునైనవి; పైన రోకలి పోటు పడినా వింటాయి, అందులో బండ చప్పుడు కలిసిపోతుంది. అందుకే మనుషులు బాయిలో ఉన్నంతసేపు పైన ఎవరూ రోకలి పోటు వేయరు.

ఆనాడు లచ్చవ్వ బిడ్డ పెళ్లికి పసుపు దంచాలి. మంచి గడియ దాటిపోతోంది. పెనిమిటి ఓదెలు ఇంకా బాయిలోనే ఉన్నాడు.

"దంచకుంటె పసుపు ఏడికెళ్లి వస్తది మరదలా? నీ డబ్బా దంచుతదా?" అంది ఓదెలు అక్క కనకవ్వ. ఆమె వరి పండే ఊరి నుంచి వచ్చింది.

"దంచినట్టు చేద్దాం వదినె. రోలుకు తగలనియ్యకు. కింద ఉన్నది నీ తమ్ముడే."

కనకవ్వ రోకలి అందుకుంది. అయిదుగురు ముత్తయిదువలు రోకళ్లెత్తి, గాలిలోనే ఆపుతూ, గొంతులోనే పాట పాడుకున్నారు.

పాట సగంలో ఉండగా డబ్బాలో పేలాలు వేగినట్టు చిటపటలు మొదలయ్యాయి. రోకలి చప్పుడేమో అని అనుమానపడే పనే లేదు. వెంటనే బాయి సైరన్ మోగింది. మనుషులంతా పైకి వచ్చాకే లోపల బండ కూలింది.

ఓదెలు మసి మొహంతోనే వాకిట్లోకి వచ్చాడు.

"ఇగ దంచొచ్చా తమ్మీ?" అని అడిగింది కనకవ్వ.

"లోపల ఎవ్వలు లేరక్కా. దంచుండ్రి."

మొదటి పోటు కనకవ్వే వేసింది. కాలనీలో ప్రతి వంటింటి డబ్బాలోనూ అది ధన్ మని వినిపించింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ రోకళ్లు పట్టుకుని లచ్చవ్వ ఇంటికి బయలుదేరారు.