ఎడమచేతి వాటం

"కుడిచేత్తో ఇవ్వు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పనమ్మాయి టీ కప్పు చెయ్యి మార్చుకుని అందించింది. ఇంటావిడ అందుకుంటూ ఆమె వైపు ఓసారి చూసింది.

"ఆ మాస్కు ముక్కు మీదికి లాక్కో."

లాక్కుంది. ఆ ఇంట్లో అదొక నియమం. లోకమంతా ఏనాడో మాస్కులు వదిలేసినా ఇంటావిడ మాత్రం పట్టు వదల్లేదు. పనివాళ్లెవరైనా గుమ్మం బయటే మాస్కు పెట్టుకుని లోపలికి రావాలి. మళ్లీ గుమ్మం దాటాకే తీయాలి.

"అమ్మగారూ, డాక్టరమ్మగారితో ఓ మాట..."

"చెప్తానన్నానా లేదా? సినిమా అవనీ ముందు. వచ్చీరాగానే ఆవిడ నెత్తిన రుద్దమంటావా?"

పనమ్మాయి తల్లి నిన్న పొద్దుటి నుంచీ పెద్దాసుపత్రి వరండాలో నేల మీద ఉంది. ఊపిరి అందడం లేదు. మంచాలు ఖాళీ లేవన్నారు. పక్కింటి పిన్ని ఆమె పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. ఇక్కడ హాల్లో సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న డాక్టరమ్మ ఆ ఆసుపత్రికే పెద్ద. ఆవిడ ఒక్క ఫోను చేస్తే చాలు. ఆ ఆశతోనే తల్లిని పిన్నికి అప్పగించి, ఆదివారమని కూడా చూడకుండా పనిలోకి వచ్చింది.

కిటికీలకు తెరలు లాగారు. గోడంత టీవీలో సినిమా మొదలైంది. నగరంలో దిక్కులేని ఓ పేదపిల్ల కథ. మూడు నాలుగేళ్ల కిందటిది. బహుమతులు చాలానే వచ్చాయట.

"ఈ పిల్ల నటి కాదట వదినా," అంది ఇంటావిడ ఆడపడుచు. "ఎక్కడో సీసాలు కడిగేచోట దొరికిందట. గొంతు మాత్రం వేరేవాళ్లది పెట్టారు."

"ఇంకేం, ఈపాటికి బంగళా కట్టేసుంటుంది. మన బతుకులే ఇలా ఏడిశాయి!"

ముగ్గురూ నవ్వుకున్నారు.

"ఆ సీసా తోమడం చూడండి," అంది డాక్టరమ్మ. "ఎడమచేత్తో! ఎంత సహజంగా ఉందో. ఆ డైరెక్టరుకి ఎలా తడతాయో ఇవన్నీ."

పనమ్మాయి బిస్కెట్ల పళ్లెం బల్ల మీద పెట్టింది. ఇంటావిడ వంక చూసింది. ఇంటావిడ కళ్లతోనే వంటింటి దారి చూపించింది.

సినిమా చివరికొచ్చింది. వానలో ఆసుపత్రి గేటు. పేదపిల్ల భుజం మీద జ్వరంతో చెల్లెలు. కాపలావాడు గేటు తీయడు. పిల్ల అరవదు. కాళ్ల మీద పడదు. చెల్లెలి కాలి నుంచి జారిపోతున్న చెప్పుని మెల్లగా పైకి తొడుగుతుంది. చెల్లెలు అప్పటికే పోయిందని చూసేవాళ్లకు తెలుసు.

హాల్లో ముగ్గురూ ముక్కులు చీదుకుంటున్నారు.

"కంట తడి పెట్టిందేమో చూడు!" అంది ఆడపడుచు వెక్కుతూ. "తనేడవకుండా మనల్ని ఏడిపించి చంపుతోంది. దుఃఖమంటే అదీ."

"ఇలాంటి పిల్ల నా దగ్గరికే గనక వచ్చుంటే..." డాక్టరమ్మ ఇంకో టిష్యూ లాక్కుంది. "నా మంచమైనా ఇచ్చేసేదాన్ని."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పనమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల ముఖం తెర నిండా ఉన్నచోట ఇంటావిడ బొమ్మ ఆపి, కళ్లు తుడుచుకుంది. ఇంకెవరో చెప్పేదాకా ఆగలేక పనమ్మాయే ముందుకొచ్చింది.

"డాక్టరమ్మగారూ, మా అమ్మ మీ ఆసుపత్రి వరండాలోనే ఉందండీ. ఊపిరాడ్డం లేదు. మీరొక్క మాట చెబితే మంచం..."

డాక్టరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు కాదమ్మా. మనసంతా పిండేసినట్టుంది. ఇవాళ ఇంకొకళ్ల కష్టం వినే ఓపిక లేదు నాకు. రేపు చూద్దాం."

"రేపటిదాకా ఉండదేమోనండీ."

"చెప్పాక అర్థం చేసుకోవాలి," అంది ఇంటావిడ. "వెళ్లు, కప్పులు తియ్యి."

తీసింది. డాక్టరమ్మని సాగనంపడానికి అందరూ లేచారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆడపడుచు గొంతు తగ్గించింది. తగ్గించినా వినబడింది.

"కన్నతల్లి చావుబతుకుల్లో ఉందంటూ, కంట్లో చుక్క నీరు లేదు వదినా. నిజమేనంటావా?"

"ఏమోనమ్మా. సెలవు కోసం వీళ్లు చెప్పని చావులేముంటాయి? ఇదివరకు చేసినామె వాళ్ల అమ్మమ్మని నాలుగుసార్లు చంపింది."

మళ్లీ నవ్వులు. లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు.

వంటింట్లో పనమ్మాయి ఫోను మోగింది. పిన్ని. అవతల ఏడుపు తప్ప మాట లేదు. కాసేపు విని, "వస్తున్నా పిన్నీ," అని పెట్టేసింది. చేతిలో ఉన్న కప్పు కడిగి, తుడిచి, బోర్లించింది.

"ఏయ్ అమ్మాయ్!" బయట నుంచి ఇంటావిడ కేకేసింది. "ఆ టీవీ అలాగే ఉంది, ఆపెయ్యి!"

ఆమె హాల్లోకి వచ్చి, ఊపిరాడక మాస్కు గడ్డం కిందికి లాగేసి, ఎడమచేత్తో రిమోటు అందుకుని, కంట తడి లేకుండా తెర నిండా నిలిచిపోయిన తన ముఖాన్ని ఆర్పేసింది.